ఊపిరి లెక్క



పిల్లికి సంస్కృతంలో పేర్లకు కొదవ లేదు. అమరసింహుడు తన నిఘంటువులో ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అని అయిదింటిని ఒక్కచోట చేర్చాడు. వీటిలో చివరి రెండూ ఎలుకను బట్టి వచ్చిన పేర్లు. ఎలుకను కొరికేది ఒకటి, ఎలుకను తినేది మరొకటి. మార్జారము అన్న పేరు మాత్రం పిల్లి స్వభావాన్ని బట్టి వచ్చింది. 'మృజ్' అనే ధాతువుకు తుడుచుట, శుభ్రపరచుట అని అర్థం. మార్జనము, సమ్మార్జని అన్న మాటలు కూడా ఆ ధాతువు నుండి పుట్టినవే. సదా ఒళ్ళు నాకి శుభ్రం చేసుకుంటూ ఉండేది గనుక మార్జారము.

ఈ వ్యుత్పత్తిని నేను ముప్పయ్యేళ్ళకు పైగా తరగతి గదిలో చెప్పాను. పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఈ మాటలో వైద్యానికి పనికివచ్చే సంగతి ఒకటి దాగి ఉన్నదని 2023 మార్చి నెలలో మా ఇంటి పిల్లి నాకు బోధించింది. ఒళ్ళు నాకడం మానిన పిల్లి జబ్బు పడిన పిల్లి. తన పేరుకు కారణమైన పనినే అది మానుకున్నదంటే, లోపల ఏదో పెద్ద కష్టమే ఉన్నదని అర్థం.

మా గుడివాడ ఇంట్లో ఉన్నది ఒకే పిల్లి. నుదుట తెల్లని బొట్టు ఉండడం వలన మా ఇంటావిడ దానికి చుక్కమ్మ అని పేరు పెట్టింది. అది కొని తెచ్చినదీ కాదు, అడిగి తెచ్చినదీ కాదు. 2022 నవంబరులో మా వీధి మలుపులో దానికి ఒక మోటారు సైకిలు తగిలింది. కుంటుతూ మా అరుగు మీదికి వచ్చి, పది రోజులు అక్కడే ఉండి, కోలుకొని, ఇక వెళ్ళలేదు. సంక్రాంతి దాటిన తరువాత అది చూడిదని తెలిసింది. మనుషులకు గర్భవతి అంటాము, పశువులకు చూడి అంటాము. పిల్లికి చూడి కాలం సుమారు 63 నుండి 65 రోజులు. మా ఇంటావిడ అటక మీది పాత చేటను, రెండు నూలు చీరలను దించి, వంటింటి పక్క గదిలో ఒక మూల పురిటిల్లు సిద్ధం చేసింది.

మార్చి రెండవ వారంలో చుక్కమ్మ ఒళ్ళు నాకడం తగ్గించింది. బొచ్చు చిక్కులు పడి, మెరుపు పోయింది. ఆయాసపడేవాడు పడుకోలేక కూర్చున్నట్టుగా, ముందరి కాళ్ళను ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చునేది. నిద్రలో కూడా డొక్కలు ఎగరేసేది. కడుపు బరువు వలన కొంత ఆయాసం సహజమేనని చుట్టుపక్కల వాళ్ళు అన్నారు. 13వ తేదీ ఉదయం మా ఇంటావిడ పెరట్లోనుండి పిలిచింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి. ఇది నోరు తెరిచి ఊపిరి తీస్తోందండీ, కుక్కలాగా."

కుక్క నోరు తెరిచి రొప్పడం ఒళ్ళు చల్లబరచుకోవడానికి. పిల్లి అలా చేయడం అరుదు. విపరీతమైన ఎండకో, ప్రయాణపు భయానికో కాసేపు రొప్పితే రొప్పవచ్చు. నీడపట్టున, నెమ్మదిగా ఉన్న పిల్లి నోటితో ఊపిరి తీస్తున్నదంటే అది ప్రాణాపాయానికి గుర్తు. నొప్పులు మొదలయ్యే వేళ కొన్ని పిల్లులు కొద్దిసేపు రొప్పుతాయి గాని, అది అలాగే గంటల తరబడి సాగదు.

పక్కింటావిడ తమ మనవడి జ్వరపు మందు సీసా తెచ్చింది. మరొకరు నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టమన్నారు. వారిద్దరిదీ మంచి మనసే. నేను ముందుగా మా ఊరి పశువైద్యునికి ఫోను చేశాను. ఆయన మొదట చెప్పిన మాట ఇది: "మాస్టారూ, ఆ మందు చుక్క కూడా వేయవద్దు. అందులో ఉన్నది పారాసెటమాల్. అది పిల్లికి విషం."

ఈ సంగతిని చదువరులు గట్టిగా గుర్తుంచుకోవాలని నా మనవి. మన శరీరంలో పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే రసాయన మార్గం పిల్లి కాలేయంలో చాలా బలహీనం. అందువలన ఆ మందు దాని రక్తాన్నే పాడు చేస్తుంది. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయడానికి చాలు. నీలగిరి తైలం, కర్పూరం కూడా పిల్లికి హానికరాలే. మనకు ఉపశమనమిచ్చేవన్నీ దానికీ ఇస్తాయని అనుకోరాదు.

ఆ పశువైద్యుడు స్వయంగా మా ఇంటికి వచ్చి, చుక్కమ్మను తాకకుండా రెండడుగుల దూరం నుండి చూశాడు. తరువాత ఆయన అన్న మాటలకు నేను నేటికీ కృతజ్ఞుణ్ణి.

"నేను గేదెలకూ ఆవులకూ వైద్యం చేసేవాణ్ణి మాస్టారూ. దీన్ని ఇప్పుడు బల్ల మీద అదిమి పట్టి పరీక్ష చేస్తే, ఆ పెనుగులాటకే ప్రాణం పోవచ్చు. దీనికి ముందు కావలసింది ఆక్సిజన్. అది నా దగ్గర లేదు. విజయవాడలో చిన్న జంతువులకు వైద్యం చేసే చోటికి వెంటనే తీసుకుపొండి. దారిలో ముద్దు చేయకండి, నీళ్ళు పట్టకండి."

తనకు తెలియని దానిని తెలియదని చెప్పగలిగిన వైద్యుడు రోగికి సగం మేలు చేసినట్టే.

మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో చీర పరచి, చుక్కమ్మ తనంత తానుగా ఎక్కేవరకు ఆగి, గాలి ఆడేటట్లు పలుచని గుడ్డ కప్పి, అద్దెకారులో కంకిపాడు మీదుగా బయలుదేరాము. పాటలు పెట్టవద్దని డ్రైవరును కోరాము. ఏసీ కారు గనుక ఎండ బాధ తప్పింది. గంటకు పైగా ప్రయాణం. మా ఇంటావిడ ఒక్క మాట మాట్లాడలేదు. బుట్ట మీద చేయి కూడా వేయలేదు. ఆమెకు అది ఎంత కష్టమో నాకు తెలుసు.

విజయవాడ వైద్యురాలు ముప్పయ్యేళ్ళ అమ్మాయి. నా పాత విద్యార్థినుల ఈడుది. బుట్ట మూత తీయకుండా, గుడ్డ ఒక పక్కకు తొలగించి, చేతి గడియారం చూస్తూ నిలబడింది. ఒక నిమిషం గడిచాక "అరవై ఎనిమిది" అన్నది. అది ఊపిరుల లెక్క. తరువాత చుక్కమ్మను గాజులాంటి తలుపున్న ఒక పెట్టెలోకి వదిలి, దానిలోకి ఆక్సిజన్ పంపించింది. అరగంట వరకు ఎవ్వరూ తాకలేదు. ఊపిరాడని పిల్లికి తొలి చికిత్స ఇదే. ప్రాణవాయువు, నిశ్శబ్దం, ఏకాంతం. వ్యాధి ఏమిటో తేల్చడం ఆ తరువాతి పని.

వేచి ఉన్న ఆ అరగంటలో ఆమె నాకు ఒక విద్య నేర్పింది. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు డొక్క ఒకసారి లేచి, ఒకసారి పడితే ఒక ఊపిరి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయాలి. గురగురమంటున్నప్పుడు లెక్కించరాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నిద్రలో నిమిషానికి 30 దాటదు. ప్రతిసారీ దాటుతూ ఉంటే వైద్యునికి చూపించాలి. గణాలు, మాత్రలు లెక్కించడంలో జీవితం గడిపినవాడికి ఇది కష్టమైన విద్య కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఊపిరికి మాత్రం ఎక్కువ తక్కువలు లేవు, అన్నీ ఒక్కటే.

పిల్లికి ఊపిరాడకపోవడానికి కారణాలు అనేకం. జలుబు కలిగించే వైరస్‌లు సోకితే తుమ్ములు, ముక్కు కారడం ఉంటాయి. వాసన తెలియక తిండి మానేస్తుంది. ఉబ్బసమైతే మెడ చాచి దగ్గుతుంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం, న్యుమోనియా, గోమార్లు పట్టి రక్తం తగ్గిపోవడం ఇవన్నీ ఉన్నాయి. చూడి పిల్లి విషయంలో మరొక చిక్కు. కడుపులో పిల్లలు పెరిగేకొద్దీ తల్లికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది, ఊపిరితిత్తులు విప్పారడానికి ఉండే చోటు తగ్గుతుంది. మామూలు రోజులలో పైకి కనబడని లోపం ఈ దశలో బయటపడుతుంది.

చుక్కమ్మ కాస్త తేరుకున్నాక ఎక్స్‌రే తీశారు. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఆగిపోవచ్చునని, బోర్లా కూర్చున్నది కూర్చున్నట్టే తీశారు. చూడి చివరి రోజులలో పిల్లల అవయవాలన్నీ ఏర్పడి ఉంటాయి గనుక, తల్లి ప్రాణం కోసం తీసే ఒక ఎక్స్‌రే వలన వాటికి కలిగే ప్రమాదం స్వల్పమని వైద్యురాలు చెప్పింది.

ఆ చిత్రంలో నాలుగు చిన్న పుర్రెలు, నాలుగు వెన్నెముకలు స్పష్టంగా కనబడ్డాయి. పూసలు గుచ్చినట్టు ఉన్నాయి. అంతకంటె పైన, ఊపిరితిత్తులు ఉండవలసిన చోట కొంత మేర పేగుల నీడ ఉన్నది. ఛాతీకీ ఉదరానికీ నడుమ ఉండే కండరపు తెరను ఉదరవితానం అంటారు. మోటారు సైకిలు తగిలిన నాడు ఆ తెర చిరిగింది. ఆ చిరుగులోనుండి కాలేయంలో కొంత భాగం, పేగుల చుట్టలు ఛాతీలోకి జరిగాయి. కాలి గాయం మానింది గాని లోపలి చిరుగు మానలేదు. చూలు పెరిగి కిందినుండి నెట్టడంతో ఊపిరితిత్తులకు చోటు లేకుండా పోయింది. ఇలా చిరిగిన తెరతో నెలల తరబడి పైకి మామూలుగా తిరిగే పిల్లులు ఉంటాయట. బాధను దాచుకోవడం ఆ జాతి లక్షణం.

వైద్యురాలు మమ్మల్ని కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పింది.

"మాస్టారూ, అమ్మా, దీనికి ఆపరేషన్ తప్పదు. పిల్లలను తీసి, తెరను కుట్టాలి. ఇప్పుడే చేస్తే తల్లికి వెంటనే ఉపశమనం. కాని పిల్లలకు ఇంకా నెలలు నిండలేదు. సుమారు 57 రోజులు ఉండవచ్చు. వాటి ఊపిరితిత్తులు బయటి గాలికి సిద్ధంగా ఉండవు. ఆగితే పిల్లలకు మంచిది, తల్లికి గండం. ఏ క్షణంలోనైనా మరిన్ని పేగులు పైకి జరగవచ్చు. అప్పుడు అన్నీ పోతాయి. మీకు ఎవరు ముఖ్యమో నాకు చెప్పాలి."

నేను మా ఇంటావిడ వైపు చూశాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"తల్లి, అమ్మా. అది నిలిస్తేనే కదా మిగిలినవన్నీ."

"అయితే తల్లి ఊపిరి ఒప్పుకున్నంత కాలమే ఆగుదాం. నిద్రలో లెక్క 50 దాటిన క్షణం ఇక ఆగను" అన్నది వైద్యురాలు.

ఆ నాలుగు రోజులూ చుక్కమ్మ అక్కడే ఉన్నది. ముందరి భాగం ఎత్తుగా ఉండేటట్లు పరుపు అమర్చారు. పేగులు వెనక్కు జారి ఊపిరికి కాస్త చోటు దొరుకుతుందని. ఒక్కసారిగా కడుపు నిండకుండా కొద్దికొద్దిగా తిండి పెట్టారు. స్కానింగులో పిల్లల గుండెలు నిమిషానికి 200కు పైగా కొట్టుకుంటున్నాయి. రాత్రి అక్కడి సహాయకుడు, పగలు నేను ఊపిరి లెక్కించి ఒక నోటు పుస్తకంలో రాసేవాళ్ళం. 44, 40, 42, 41. పిల్లల హాజరు వేసిన చేతితో పిల్లి ఊపిరికి హాజరు వేశాను.

రాత్రుళ్ళు మా బావమరిది ఇంట్లో బస. రెండవ నాడు భోజనాల దగ్గర అతను మెల్లగా అన్నాడు: "ఏమీ అనుకోకండి బావగారూ. వీధిలో దొరికిన పిల్లికి ఇంత ఖర్చా? ఆ డబ్బుతో ఒక పేద పిల్లవాడికి పుస్తకాలు కొనవచ్చు."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఖర్చు నా నెల పింఛనులో చాలా భాగాన్ని మింగింది. పేద పిల్లలకు పుస్తకాలు కొనాలన్న మాట నేను ఎన్నో సభలలో చెప్పినదే. అయితే ఆ సమయంలో నా కళ్ళ ముందు ఉన్న ప్రాణి అది ఒక్కటే. ఎక్కడో ఉన్న అవసరాన్ని చూపి ఎదుట ఉన్న అవసరాన్ని తప్పించుకోవడం ధర్మమనిపించుకోదు. నేను ఇదంతా అతనికి చెప్పలేదు. వాళ్ళక్క ఒక్క మాటతో ముగించింది. "ఒరేయ్, అది కడుపుతో ఉందిరా." ఆ తరువాత అతను ఆ ప్రసంగం తేలేదు సరిగదా, మరునాడు తన కారులో మమ్మల్ని వైద్యశాలకు దింపాడు.

17వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలకు నోటు పుస్తకంలో 52 అని పడింది. నాలుగు గంటలకు 56. ఆరు గంటలకు ఆపరేషన్ మొదలుపెట్టారు. మత్తు ఇచ్చిన తరువాత దాని ఊపిరి దాని చేతిలో ఉండదు. గొట్టం ద్వారా ఒక మనిషి కొలత ప్రకారం గాలి పంపుతూ ఉండాలి. మొదట పిల్లలను తీశారు. ఒక్కొక్కదానిని పొడి తువాలుతో తుడిచి, మూతిలోని నీటిని తీసి, వీపు రుద్దారు. తలకిందులుగా పట్టుకొని ఊపడం పాత పద్ధతి అని, దాని వలన మెదడుకు దెబ్బ తగులుతుందని తరువాత తెలుసుకున్నాను. మూడు పిల్లలు కీచుమన్నాయి. నాలుగవది కీచుమనలేదు. ఇరవై నిమిషాలు రుద్దారు. దానికి ఊపిరి రాలేదు.

తరువాత పేగులను, కాలేయాన్ని కిందికి దించి తెరను కుట్టారు. గర్భకోశాన్ని కూడా తొలగించారు. మరి పాలు ఎలాగని నేను అడిగాను. పాలు పడడానికి ప్రేరణ మెదడు కింది గ్రంథి నుండి వస్తుందని, గర్భకోశం లేకపోయినా తల్లి పాలివ్వగలదని వైద్యురాలు చెప్పింది. చాలా రోజులు ముడుచుకొని ఉన్న ఊపిరితిత్తులను ఒక్కసారిగా విప్పరాదట. అలా చేస్తే వాటిలో నీరు చేరుతుందట. అందుకే ఛాతీలోని గాలిని నిదానంగా లాగారు. ఆ రాత్రి చుక్కమ్మ ఊపిరి 36. మరునాడు 30. మూడు పిల్లలూ పొట్టకు అతుక్కొని పాలు తాగాయి. ఉగాది నాటికి అందరమూ గుడివాడ చేరాము.

పుట్టిన పిల్లి కూన సుమారు 100 గ్రాములు తూగుతుంది. రోజుకు 10 గ్రాముల చొప్పున పెరిగితే పాలు చాలినట్టు. మా ఇంటావిడ వంటింటి తక్కెడలో రోజూ తూచి, అదే నోటు పుస్తకంలో రాసింది. పోయిన నాలుగవ దాని మాట ఆమె ఎత్తదు. పుస్తకంలో మాత్రం ఆ తేదీ కింద మూడు గీతలు, ఒక సున్న ఉన్నాయి.

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన సామెత. ఇరవయ్యవ నాడు చుక్కమ్మ ఒక్కొక్క కూన మెడను నోట కరచుకొని, పురిటి మూల నుండి నా పుస్తకాల గదిలోకి మూడు ప్రయాణాలు చేసింది. వైష్ణవులు మార్జాలకిశోర న్యాయమని చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే మోస్తుంది. శరణాగతికి అది ఉపమానం. ఆ తల్లి నోరు నిండా బిడ్డ ఉండగా, ముక్కుతోనే ఊపిరి తీస్తూ, ఆగకుండా మూడుసార్లు నడిచింది. ఉపమానంలో కూన నిశ్చింతను గురించే మనం మాట్లాడుకుంటాము. మోసే తల్లికి ఎంత ఊపిరి కావాలో నేను ఆ రోజు చూశాను.

చివరగా కొన్ని మాటలు. మీ పిల్లిని వైద్యునికి చూపేటప్పుడు, అది చూడిది కావచ్చునన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి. జలుబుకు తరచుగా ఇచ్చే డాక్సీసైక్లిన్ కడుపులోని పిల్లల పళ్ళను, ఎముకలను పాడుచేయవచ్చు. తామరకు ఇచ్చే గ్రిసియోఫుల్విన్ అవకరాలు కలిగిస్తుంది. కొన్ని సజీవ టీకాలు కూనల చిన్నమెదడును దెబ్బతీస్తాయి. ఏది ఇవ్వవచ్చునో వైద్యులకు తెలుసు. మనం చెప్పవలసింది మనం చెప్పాలి. నోరు తెరిచి ఊపిరి తీసినా, చిగుళ్ళు పాలిపోయినా, నీలమైనా తెల్లవారేవరకు ఆగవద్దు. ఆక్సిజన్ ఉన్న వైద్యశాల మీకు దగ్గరలో ఎక్కడ ఉన్నదో అవసరం రాకముందే తెలుసుకొని, ఫోను నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఈ రాత్రి మీ పిల్లి నిద్రపోయాక ఒక అర నిమిషం దాని డొక్క వైపు చూడండి. లెక్క పెట్టి, రెట్టింపు చేసి, ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఆరోగ్యంగా ఉన్ననాటి లెక్క తెలిసినవారికే లెక్క తప్పిన నాడు తెలుస్తుంది.

స్వస్తి.